అక్వేరియం మొక్కలకు లైటొక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం గురించి వచ్చిన పేజీ చదివాను. చేపల గురించి రాసినదంతా బాగుంది. మొక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అవి బాగా పెరగాలంటే పవర్‌ఫుల్ ఎల్ఈడీ లైటు పెట్టాలని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎంతమంది షాపుకెళ్లి ఖరీదైన లైటు తెచ్చి, నెల తిరిగేలోపు ట్యాంకంతా నాచు పట్టి, విసుగొచ్చి మొత్తం అటక మీద పడేస్తారోనని టెన్షన్‌గా ఉంది. అందుకే రాస్తున్నాను.

లైటు పెంచగానే నీళ్లలో మొక్కకు మొట్టమొదట కొరత పడేది కార్బన్ డయాక్సైడ్. ఇప్పుడు గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్లలో 420 పాళ్ల పైన ఉంది. ఊరికే గాలి తగిలే నీళ్లలో కరిగి ఉండేది లీటరుకు అర మిల్లీగ్రాము అటూ ఇటూ, అంతే. చేపలు వదిలే ఊపిరి వల్ల, అడుగున మట్టిలో కుళ్లే చెత్త వల్ల ఇంకొంచెం చేరుతుంది. పైగా గాలిలో కంటే నీళ్లలో అది సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి, ఆకు చుట్టూ ఉన్నది ఆకు తీసేసుకున్నాక మళ్లీ అక్కడికి చేరడానికి చాలా సేపు పడుతుంది. ఈ పరిస్థితిలో లైటు రెట్టింపు చేయడమంటే కూలీకి అన్నం పెట్టకుండా రెండు పూటల పని చెప్పినట్టే. మొక్క ఎదుగుదల ఆగిపోతుంది, పాత ఆకులు బలహీనపడి కుళ్లుతాయి, చాలా తక్కువ ఆహారంతోనే బతకగలిగిన నాచు ఆ వెలుతురంతా వాడేసుకుంటుంది. అప్పుడు షాపువాళ్లు నాచు పోయే మందు అమ్ముతారు. కానీ తగ్గించాల్సింది లైటు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మామూలు తెల్లటి లైటు, డబ్బా మీద 6500 కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే లెక్క) అని రాసి ఉన్నది, రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు. హాల్లో అందంగా ఉందని పొద్దున్నుంచి రాత్రి పడుకునేదాకా వెలిగించి ఉంచుతారు, అదే కొంప ముంచుతుంది. ఒక చిన్న ప్లగ్ టైమర్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. డబ్బా మీది ల్యూమెన్ల లెక్క మన కంటికి ఎంత వెలుగుగా కనిపిస్తుందో చెప్పేది, మొక్క ఎంత వాడుకోగలదో చెప్పేది కాదు. ట్యాంకు లోతు పెరిగేకొద్దీ అడుగుకు చేరే వెలుతురు తగ్గిపోతుంది కాబట్టి ఒకే లైటు చిన్న తొట్టికి ఎక్కువ కావచ్చు, లోతైన దానికి చాలకపోవచ్చు. కిటికీ పక్కన పెట్టిన ట్యాంకులకైతే మన ఎండే అదనపు లైటు, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మన ఇళ్లలో ఎక్కువమందికి ట్యాంకులోకి కార్బన్ డయాక్సైడ్ వదిలే గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్ లాంటివి తక్కువ వెలుతురులో, విడిగా గ్యాస్ ఇవ్వకపోయినా నిదానంగా, నిక్షేపంగా పెరుగుతాయి. బోరు నీళ్లు గట్టిగా (లవణాలు ఎక్కువగా) ఉంటాయని దిగులుపడేవాళ్లకు ఇంకో మాట. వాలిస్నేరియా, హైడ్రిల్లా లాంటి మొక్కలు అలాంటి నీళ్లలో కరిగి ఉండే బైకార్బొనేట్ అనే లవణం నుంచి కూడా కార్బన్ తీసుకోగలవు. ఆకుల మీద తెల్లటి పొర కట్టడం చాలాసార్లు ఆ పని జరుగుతోందనడానికి గుర్తు. కాబట్టి నీళ్లను మార్చడానికి రసాయనాలు కొనేకంటే ఆ నీళ్లకు సరిపోయే మొక్కను కొనడం మేలు. షాపుల్లో విదేశీ సరుకులా ఎక్కువ రేటుకి అమ్మే హైగ్రోఫిలా పాలిస్పెర్మా, రొటాలా రొటండిఫోలియా మన దేశపు మొక్కలేనని చాలామందికి తెలియదు.

ఎర్రటి మొక్కలు, నేలంతా పరుచుకునే పచ్చిక కావాలనుకునేవాళ్లకు గ్యాస్ కావాలి, అది నేను కాదనను. నీటి మొక్కలతో తోటల్లాంటి ట్యాంకులు తీర్చిదిద్దిన జపాన్ కళాకారుడు తకాషి అమానో ట్యాంకుల ఫొటోలు చూసినవాళ్లకు ఆ కోరిక పుట్టకుండా ఉండదు. అలాంటప్పుడు ముందు గ్యాస్ కుదిరాక లైటు పెంచాలి, ఇది తిరగబడకూడదు. నీళ్లలో కరిగిన గ్యాస్ లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా అనేది అందరూ పాటించే లెక్క, దాటితే చేపలకు ప్రమాదం. సెకనుకు ఇన్ని బుడగలు అని షాపులో చెప్పే లెక్క ఒక ట్యాంకుది ఇంకోదానికి పనికిరాదు. డ్రాప్ చెకర్ (నీళ్లలో గ్యాస్ ఎంత ఉందో రంగుతో చూపే చిన్న బుడ్డి) పెట్టుకోండి, దానిలో ట్యాంకు నీళ్లు కాకుండా దానికోసం అమ్మే ద్రావణమే పోయండి. నీలం ఉంటే తక్కువ, ఆకుపచ్చ సరిపోయింది, పసుపు వస్తే వెంటనే గ్యాస్ తగ్గించాలి. ఆ రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది, ఈలోపు చేపల్ని చూస్తూ ఉండాలి.

రాత్రి సంగతి గట్టిగా చెప్పాలి. చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. లైటు ఆరిపోయాక కూడా సిలిండర్ వదిలేస్తే తెల్లారేసరికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటుంటాయి. మా పక్కింట్లో ఒక చిన్నపిల్ల పెంచుకున్న చేపలు ఇలాగే ఒక్క రాత్రిలో పోయాయి. గ్యాస్ రాత్రి ఆపాలని అమ్మినవాళ్లు వాళ్లకు చెప్పనేలేదు. లైటు వెలగడానికి గంటా రెండు గంటల ముందు గ్యాస్ మొదలై, లైటు ఆరడానికి గంట ముందే ఆగిపోయేలా సోలినాయిడ్ వాల్వుకి (కరెంటు ఉన్నంతసేపే గ్యాస్‌ను వదిలే వాల్వు) టైమర్ పెడితే సరిపోతుంది. కరెంటు పోయినా ఆ వాల్వు మూసుకుంటుంది.

మన ఎండాకాలం సంగతి వేరే. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, చేపకు మాత్రం ఎక్కువ కావాలి. అందుకని ఏప్రిల్, మే నెలల్లో గ్యాస్ తగ్గించి నీటిపై కదలిక పెంచడం మంచిది. ఇక సిలిండర్: 31 డిగ్రీలు దాటితే లోపలి కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా నిలవదు, నిండు సిలిండర్‌లో ఒత్తిడి బాగా పెరిగిపోతుంది. బాల్కనీలో ఎండ తగిలేచోట ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, టెస్టింగ్ తేదీ ముద్ర లేని సిలిండర్ తీసుకోకూడదు. గ్యాస్‌కు బదులని లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే సీసాల్లో చాలావాటిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్, ఆస్పత్రుల్లో పరికరాలు శుద్ధి చేయడానికి వాడేది. చర్మానికి, కళ్లకు హాని చేస్తుంది, వాలిస్నేరియా దానికి కరిగిపోతుంది కూడా. పిల్లలకు అందనివ్వకండి.

మీ అనుబంధాన్ని చాలామంది నమ్మి కొనుగోళ్లు చేస్తారు. కనీసం లైటు గంటలు, రాత్రి గ్యాస్ ఆపడం, ఈ రెండు విషయాలైనా వచ్చే ఆదివారం అదే పేజీలో వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
హైదరాబాద్