సెయిలర్ల సెలవుల సంగతి

సంపాదకుడు గారికి,

సైన్యంలోకి నాలుగేళ్లకి అగ్నివీరులుగా తీసుకునే అగ్నిపథ్ పథకం మాట వస్తే చాలు, నాలుగేళ్ల తర్వాత పిల్లల గతేమిటని అందరూ అడుగుతున్నారు. అడగాల్సిందే. 2022 చివర్లో ఒడిశాలోని చిల్కాలో శిక్షణకి చేరిన నౌకాదళం మొదటి అగ్నివీరుల బ్యాచ్‌కి 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. అయితే ఆ నాలుగేళ్లూ షిప్ మీద ఎలా గడుస్తాయో అడిగేవాళ్లు కనపడరు. పదిహేనేళ్లు సెయిలర్‌గా చేసి వచ్చినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

సెయిలర్లు పడుకునే మెస్ డెక్‌లో బంకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పై బంకు దక్కిందంటే ముక్కుకి జానెడు ఎత్తులో పైపులు. వాచ్ డ్యూటీ ముగించుకుని వచ్చి నడుం వాల్చేసరికి పక్కవాడి అలారం మోగుతుంది. ఒడ్డు కనుమరుగైతే ఫోన్ పనిచేయదు. ఇవన్నీ ఆరు నెలల్లో అలవాటైపోతాయి. నాకైతే రిటైరై ఇంటికొచ్చాక ఆ ఇంజిన్ హోరు లేక నిద్రపట్టేది కాదు! అలవాటు కానిది సెలవు సంగతే.

మాకు ఏడాదికి 60 రోజులు యాన్యువల్ లీవు, 30 రోజులు క్యాజువల్ లీవు ఉండేవి. అగ్నివీరులకి ఏడాది మొత్తానికి 30 రోజులే. ముంబయిలో పోస్టింగ్ పడితే కావలికి రానూపోనూ ప్రయాణానికే రెండు మూడు రోజులు పోతాయి.

మా అక్క కొడుకు అగ్నివీర్. చెల్లెలి పెళ్లికి లీవు శాంక్షనైంది. రెండు రోజులుందనగా షిప్ సెయిలింగ్‌కి వెళ్లింది. అప్పగింతలైన నాలుగో రోజుకి ఇల్లు చేరాడు. అప్పటికి పందిరి విప్పి తాటాకులు గోడకి చేరేశారు. షిప్ వెళ్లడాన్ని తప్పుపట్టను, అది ఆగదు. ఉద్యోగం ఎలా ఉందిరా అంటే, "షిప్ బాగానే ఉంది మామా, ఎప్పుడొస్తానో అమ్మకి చెప్పలేకపోవడమే టెన్షన్" అన్నాడు.

అగ్నివీరులకి కూడా మిగతా సెయిలర్లతో సమానంగా సెలవులివ్వాలి. సెయిలింగ్ వల్ల లీవు రద్దయితే, షిప్ హార్బర్‌కి రాగానే ఆ రోజులు ఏ తేదీ నుంచి ఇస్తారో రాసివ్వాలి. మన ఎంపీలు పార్లమెంటులో ఈ ఒక్క ప్రశ్న వేసినా చాలు.

ఇక ఒంగోలు, నెల్లూరు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. జీతం 30,000 అని పెద్దక్షరాలు. నాలుగేళ్లయ్యాక ఇచ్చే సేవానిధి కోసం పట్టుకునే 30 శాతం పోను మొదటి ఏడాది నెలకి చేతికొచ్చేది 21,000. పోనీండి, ఆ పక్కనే సెలవులు 30 రోజులని కూడా అంతే పెద్దక్షరాలతో రాయమనండి.

– ఒక మాజీ సెయిలర్, కావలి, నెల్లూరు జిల్లా