ఆ దర్వాజలు పోనివ్వకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో మా ఊరి ఫోటో వేసి ‘కళ తప్పిన ముంపు గ్రామం’ అని రాశారు. కూలిన గోడలు, గూనపెంకుల మధ్య గడ్డి, మూతపడ్డ కిరాణా దుకాణం, అన్నీ నిజమే. కానీ ఫోటో తీసినాయన ఇండ్ల దర్వాజలు కూడా చూడాల్సింది. నేను వడ్రంగిని, నా కండ్లు ముందు అటే పోతాయి.

1963 జులై 26న నెహ్రూ గోదావరి మీద పోచంపాడు ప్రాజెక్టుకు (ఇప్పటి శ్రీరాంసాగర్) శంకుస్థాపన చేసేనాటికి మా నాయినకు పెండ్లి కాలేదు. తర్వాత నీళ్లొస్తాయని ఖాయమయ్యాక పాత ఊరోళ్లు ఎవరి ఇల్లు వాళ్లే విప్పుకున్నారు. మట్టిగోడలు తేలేరు కదా. దూలాలు, స్తంభాలు, టేకు దర్వాజలు ఎడ్లబండ్ల మీద తెచ్చుకున్నారు. ఇక్కడ, ఈ కొత్త ఊళ్లో దొరికిన జాగాలు చిన్నవి, దర్వాజలేమో పెద్ద భవంతులవి. దర్వాజను కోయడానికి ఎవరికీ మనసొప్పలేదు, దాని ఎత్తుకే గోడ లేపారు. అందుకే మా దగ్గర రెండర్రల ఇంటికి కూడా తామరపూలు, చిలుకలు చెక్కిన దర్వాజ ఉంటుంది. పొద్దు వాలినాక ఆడోళ్లు ఆ పసుపు గడపల పక్కన, అరుగుల మీద చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. ఆ వేళకు గల్లీ చూడముచ్చటగా ఉంటుంది. మా ఊరని చెప్పడం కాదు.

ఎండాకాలం బ్యాక్‌వాటర్ వెనక్కి పోతే పాత ఊరి మొండిగోడలు తేలతాయి. ముసలోళ్లు పోయి మనవలకు వాకిలి చూపిస్తారు. వాకిలి అక్కడ, దర్వాజ ఇక్కడ.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి వ్యాన్లు వస్తున్నాయి. రిసార్టులకు పాత దర్వాజలు కావాలట. ఇల్లు కురుస్తుంటే ముసలామె ఎంతిస్తే అంతకు అమ్మేసి, ఆ పైసలతో రేకులు వేయించుకుంటుంది. ఆమెను ఏమనగలం? ఊడదీయడానికి నన్నే పిలుస్తారు. ఈ మధ్య పోవడం మానేశాను.

మా ఊళ్లు మునిగితే నిలిచిన నీళ్లు కాకతీయ కాలువలో వరంగల్ దాకా పోతున్నాయి. పోనీ, పంటలు పండాలి. కలెక్టర్ గారు ముంపు ఊళ్లలో పాత ఇండ్ల కప్పుల మరమ్మతుకైనా ఇంత సాయం ఇప్పిస్తే దర్వాజలు అమ్ముకునే అవసరం రాదు. ఈలోపు మా చుట్టుపక్కల ఎవరి దర్వాజకైనా చెదలు పడితే నాకు కబురు పెట్టండి, వచ్చి బాగుచేస్తా. కూలి సంగతి తర్వాత చూసుకుందాం.

– ఒక వడ్రంగి, నందిపేట మండలం, నిజామాబాద్ జిల్లా