మా రేవు దాకా రండి: విద్యాశాఖ మంత్రి గారికి లంక ఊరి తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నాది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక ఊరు. ఎకరంన్నర కొబ్బరి తోట, ఇద్దరు పిల్లలు. అవతలి ఒడ్డున ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మా చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ బడి యాజమాన్య కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. ఇది అర్జీ అనుకుని పక్కన పెట్టేయకండి. చివర్లో ఒక అర్జీ ఉన్న మాట నిజమే. ముందు మాత్రం మా ఊరి గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. గోదావరి జిల్లాల వాళ్లకు మర్యాదలతో పాటు గొప్పలూ ఎక్కువేనని మీరు వినే ఉంటారు.

2022లో బడులు జులై 5న తెరిచారు. కొత్త పుస్తకాల వాసన పోకముందే ఎర్రనీరు దిగింది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నెల మధ్యకు వచ్చేసరికి ప్రవాహం 25 లక్షలు దాటింది. మా నాన్న తరం వాళ్లకు వరద అంటే 1986 ఆగస్టు. మా పిల్లల తరానికి ఆ జులై. పశువులతో, బియ్యం మూటలతో, పుస్తకాల సంచులతో ఏటిగట్టు మీదికి చేరాం. టార్పాలిన్ల కింద ఎన్ని రోజులు ఉన్నామో ఎవరూ లెక్కపెట్టలేదు. నాకు గుర్తున్నది ఒక తాడు. దాని మీద చీరల పక్కన లెక్కల పుస్తకం, తెలుగు వాచకం ఆరేశాం. ఊళ్లో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె, ఆరిన పుస్తకం ఆరినట్టు తీసి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని పాఠం చెప్పింది. ఎవరూ అడగలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. గట్టు మీద ఇంకేం తోస్తుంది అంది.

ఆ గుంపులో ఎనిమిదో తరగతి వాళ్లు ఉన్నారు. ఆ ఏడాది వాళ్లు నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయాలి. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు, ఏటా 12,000 రూపాయలు. మీకు తెలియనిది కాదు గానీ, కొబ్బరికాయలు ఒలిచి బతికే ఇంట్లో ఆ డబ్బు అంటే ఏమిటో చెబుతాను: ఆడపిల్లను పదితో ఆపేద్దామన్న మాట ఆ ఇంట్లో మళ్లీ రాదు. వరద తీశాక ఊళ్లో రిటైరైన మాస్టారు ఒకరు రామాలయం అరుగు మీద సాయంత్రం బడి మొదలుపెట్టారు. ఈ పరీక్షలో సగం, అంటే 90 ప్రశ్నలు, మెంటల్ ఎబిలిటీ. చదువు రాని వాళ్లు కూడా తలదూర్చడానికి వీలైన ప్రశ్నలవి. ఊరు తలదూర్చింది. ఒక మనిషి ఉత్తరానికి ఐదు కిలోమీటర్లు నడిచి, కుడికి తిరిగి, మళ్లీ ఎడమకు తిరిగితే ఏ దిక్కున ఉంటాడు అని మాస్టారు అడిగితే, పిల్లలు వేళ్లు తిప్పుకుంటూ ఉండగానే పడవ బాబాయి వెనక నుంచి జవాబు చెప్పేసేవాడు. నలభై ఏళ్లుగా పొగమంచులో పడవ నడిపినవాడికి దిక్కు చెప్పడం ఒక లెక్కా. మాస్టారు ఆయన్ను రెండుసార్లు అరుగు దింపేశారు.

ఇద్దరు నెగ్గారు. పడవ బాబాయికి నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది, లేకపోతే ముగ్గురని లెక్క చెప్పేవాళ్లం.

అదే పిల్లలు పదో తరగతికి వచ్చారు. 2025 ఏప్రిల్ 23న ఫలితాలు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 81.14 శాతం పాసయ్యారని టీవీలో చెబుతుంటే మేం వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాం. మా లంక నుంచి రాసినవాళ్లు ఏడుగురే. ఏడుగురూ గట్టెక్కారు. అందులో ఒక ఒలుపు కూలీ కూతురికి నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది. ప్రభుత్వ బడి పిల్లలకు అక్కడ నాలుగు శాతం మార్కులు కలుపుతారని అందరికీ తెలుసు. ఆ నాలుగు కలపడానికి ముందు మిగతావి ఎలా కలిశాయో మాకు తెలుసు. జనవరి నుంచి పరీక్షల దాకా బడిలో సాయంత్రం చదువులు ఉంటాయి. అవి ముగిసేసరికి చీకటి పడుతుంది, కడుపు మాడుతుంది. అందుకని ఊళ్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. తోట ఉన్న ప్రతి ఇల్లూ చెట్ల నుంచి కాయలు దింపిన ప్రతిసారీ పది కాయలు బడి పేరున పక్కన పెట్టాలి. రెండు నెలలకొకసారి అవి అంబాజీపేట మార్కెట్‌కు వెళ్తాయి. వచ్చిన డబ్బుతో ఉడికించిన శనగలు, అటుకులు, అరటిపళ్లు. కాయ ధర పడిపోయిన ఏడాది శనగలు తగ్గాయి, మానలేదు. తోట లేనివాళ్లు తమకు వాటా లేదని నొచ్చుకుంటే, ఆ అమ్మాయి నూజివీడు వెళ్లేటప్పుడు ట్రంకు పెట్టె కొనే పని వాళ్లకు ఇచ్చాం. పెట్టె కొన్నారు, తాళం మర్చిపోయారు. తాళం నేను కొన్నాను.

ఇక్కడ గొప్ప కాని మాట ఒకటి. కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. అదే గోదావరి ఒడ్డున మా బడిలో ఈ రోజు ఆడపిల్లలే ఎక్కువ. సంతోషించాల్సిందే, కానీ కారణం వినండి. చాలా ఇళ్లలో మగపిల్లవాడు ఫీజు కట్టే బడికి వెళ్తాడు, ఆడపిల్ల పడవ ఎక్కి ప్రభుత్వ బడికి వెళ్తుంది. నేనూ పెద్దవాడి విషయంలో ఆ పనే చేశాను. మార్కులు ఎవరికి ఎక్కువ వచ్చాయో మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

ఇక మా ఊళ్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. ఏడో తరగతి కుర్రవాడు ఒకడు ఇన్‌స్పైర్ మనక్ అనే, బడి పిల్లల సైన్సు ఆలోచనలకు సాయం చేసే కేంద్ర పథకం కింద ప్రాజెక్టు ఆలోచన పంపితే 10,000 రూపాయలు వచ్చాయి. రేవులో పాతిన వెదురు బొంగు, దాన్ని పట్టుకుని పైకీ కిందికీ జారే ఖాళీ నూనె డబ్బా, పైన ఒక సైకిలు గంట. నీరు పెరిగితే డబ్బా తేలుతుంది. గుర్తు దాటగానే అలలకు ఊగుతూ గంట మీటను తడుతుంది. జిల్లా ప్రదర్శనలో వాడికి బహుమతి రాలేదు. పక్కన రంగు రంగుల దీపాలు పెట్టిన నమూనాలు ఉన్నాయట. వాడు మొహం వేలాడేసుకుని వస్తే, పడవ బాబాయి ఆ డబ్బాను అడిగి తీసుకుని నిజం రేవులో బిగించాడు. అప్పటినుంచి గంట మోగితే పిల్లలను పడవ ఎక్కించడు. సర్టిఫికెట్ల బీరువాలో లేని విజయం ఇది. మా ఊరికి రోజూ పనికొస్తోంది.

ఇప్పుడు అర్జీ. మా ఊరికీ బడికీ మధ్య వేసవిలో ఇసుక మీద తాత్కాలిక బాట ఉంటుంది. జులైలో నీరు రాగానే అది కొట్టుకుపోతుంది. మళ్లీ బాట పడేదాకా, ఏడాదిలో సగం రోజులు, పిల్లలకు పడవే దిక్కు. పడవ బాబాయి బడి పిల్లల దగ్గర డబ్బు తీసుకోడు. ఊరే ఆయనకు వడ్లు, కాయలు ఇస్తుంది. లైఫ్ జాకెట్లు కొన్ని పూర్వ విద్యార్థులు పంపారు, అందరికీ చాలవు. దూరం నుంచి వచ్చే పిల్లలకు సమగ్ర శిక్షా అనే బడి చదువుల పథకం కింద రవాణా భత్యం ఇచ్చే పద్ధతి ఉంది కదా అని ఒక కార్యాలయానికి వెళ్లాను. ప్రాథమిక బడికి ఒక కిలోమీటరు, ప్రాథమికోన్నత బడికి మూడు, ఉన్నత పాఠశాలకు ఐదు, ఆ దూరం దాటితేనే అన్నారు. మాకూ బడికీ మధ్య కొలిస్తే కిలోమీటరు కూడా లేదు. మధ్యలో ఉన్నది గోదావరి. గోదావరిని కిలోమీటర్లలో కొలిచే కాగితానికి ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు.

అక్కడి అధికారి చెడ్డవాడు కాదు. కాఫీ ఇప్పించాడు. “మీ ఊరి ఐకమత్యం గొప్పదండీ, మీరే చూసుకుంటున్నారుగా” అన్నాడు. పొగడ్తే. కానీ ఇంటికి వచ్చేదాకా ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మేం చూసుకుంటున్నాం కాబట్టి మీరు చూడక్కర్లేదా? మాకు దగ్గరలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో పోయేదాకా ఆకలి అన్నవాడికల్లా అన్నం పెట్టారు. మీ ప్రభుత్వం 2024లో బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టింది. ఆవిడ పెట్టింది కాబట్టి ఈ ప్రాంతపు బడులకు భోజనం అక్కర్లేదని ఎవరూ అనలేదు. పడవకూ ఆ లెక్కే వేయమంటున్నాను. నదో కాలువో దాటి వచ్చే పిల్లలకు కిలోమీటర్ల లెక్క వదిలేయండి. నీళ్లున్న నెలల్లో పడవకు, పడవ నడిపేవాడికి, ఒంటికి ఒకటి చొప్పున జాకెట్లకు బడి ఖర్చులో చోటు ఇవ్వండి. పది కాయల కట్టుబాటు మేం మానం. శనగలు మేం పెడతాం.

2024 డిసెంబరు 7న మీరు రాష్ట్రమంతటా తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు మా బడికీ ముగ్గులు వేశారు, తోరణాలు కట్టారు. బాగుంది. ఈసారి ముగ్గులు లేని రోజు, జులైలోనో ఆగస్టులోనో రండి. రావులపాలెం మీదుగా వస్తే మా రేవు దాకా కారు వస్తుంది, తర్వాత రాదు. రేవులో వెదురు బొంగు మీద సైకిలు గంట కనిపిస్తుంది. అది మోగుతూ ఉంటే అవతలి ఒడ్డునే ఆగండి. నీటిని చూసి ఎప్పుడు ఎక్కాలో పడవ బాబాయి చెబుతాడు. మంత్రి గారైనా సరే, ఆ మాట వినాల్సిందే.

ఇట్లు,
బడి యాజమాన్య కమిటీలో ఒక తండ్రి,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా