తిరిగొచ్చిన వెల్డర్లతో మన ఐటీఐల్లో పాఠాలు చెప్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది సోంపేట దగ్గర ఊరండి. గల్ఫ్‌లో చాలా ఏళ్లు వెల్డర్‌గా చేశాను, ఈమధ్య ఉగాండా వెళ్లి అక్కడి కుర్రోళ్లకి పైపు వెల్డింగ్ క్లాసులు చెప్పి వచ్చాను. అక్కడ చూసింది మన జిల్లాలో కూడా జరగాలని ఈ ఉత్తరం రాస్తున్నా, కాస్త పొడుగైనా వేసుకోండి.

ఉగాండాలో ఆల్బర్ట్ సరస్సు దగ్గర 2006లో చమురు బయటపడింది, ఆ చమురు కోసం హొయిమా నుంచి టాంజానియాలో టాంగా రేవు దాకా 1,443 కిలోమీటర్ల పైపులైన్ పెట్టుకున్నారు. పైపులైన్ అంటే అడుగడుగునా వెల్డింగే కదా. బయటి కంపెనీ వస్తే మా వాళ్లకి పనివ్వాలి, పని రానోళ్లకి నేర్పాలి అని వాళ్ల పెట్రోలియం చట్టంలోనే రాసుకున్నారు, నాకు అది చాలా నచ్చింది.

నా క్లాసుకి వచ్చినోళ్లలో గేట్లు, గ్రిల్స్ చేసుకునే కుర్రోళ్లే ఎక్కువ, ఆడపిల్లలు కూడా ఉన్నారు. చెయ్యి బాగానే తిరుగుతుంది గానీ పైపు దగ్గరకొచ్చేసరికి ఆగిపోయేవారు. పైపు వెల్డర్లకి పెట్టే 6జీ అనే పరీక్షలో పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించేస్తారు, మనమే దాని చుట్టూ తిరుగుతూ కింద నుంచి పైకి, పడుకుని, వొంగుని కుట్టుకుంటూ రావాలి. అందుకని ముందు మిషన్ ఆన్ చెయ్యనివ్వలేదు. గ్రైండింగ్ చేసి అంచు వాలు తియ్యడం, రెండు పైపుల మధ్య గ్యాప్ చుట్టూ ఒకేలా వచ్చేలా ఫిటప్ చెయ్యడం, 7018 రకం వెల్డింగ్ రాడ్లు, చెమ్మ పట్టకుండా వేడిగా ఉంచే ఓవెన్‌లోంచి ఎన్ని కావాలో అన్నే తీసుకోవడం, ఇవే చేయించాను. అక్కడ వానలు ఎక్కువ, రాడ్ చెమ్మ పీల్చిందంటే పైకి ఎంత అందంగా కనబడినా లోపల పగులు వస్తాది. తర్వాత ప్రతీవాళ్ల జాయింటూ ఎక్స్‌రే తీయించి ఆ ఫిల్మ్ వాళ్ల చేతికే ఇచ్చేవాళ్లం, గుండ్రటి నల్ల మచ్చలుంటే గాలి బుడగలు, మధ్యలో నల్ల గీత ఉంటే రూట్, అంటే జాయింట్ అడుగు దాకా వెల్డింగ్ దిగలేదు అని. నేను అరిచి చెప్పినా ఎక్కనిది ఆ ఫిల్మ్ చూస్తే ఎక్కేది. ఆ బ్యాచ్‌లో అందరికన్నా ముందు మచ్చలేని ఫిల్మ్ తెచ్చుకుంది ఒక ఆడపిల్లే.

ఇప్పుడు మన ఉద్దానం సంగతి. కవిటి, కంచిలి, మందస, ఏ ఊరు చూడండి, వెల్డరో ఫిట్టరో రిగ్గరో లేని వీధి ఉండదు. 2018లో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలు పడగొట్టేశాక చాలా ఇళ్లకి బయటి దేశం సంపాదనే దిక్కయ్యింది. మరి మన పిల్లలు పని ఎక్కడ నేర్చుకుంటున్నారు? చాలా షెడ్లలో బల్ల మీద ప్లేటు పెట్టి గీతలు గీయిస్తారు, పైపు ముక్క ఖరీదని ముట్టుకోనివ్వరు, రాడ్ ప్యాకెట్లు సముద్రపు గాలికి విప్పేసి పడుంటాయి, ఎక్స్‌రే మాటే ఉండదు, చివర్లో సర్టిఫికెట్ మాత్రం చేతిలో పెడతారు. బయటి దేశానికి పంపే రిజిస్టరైన ఏజెంట్ అయినా 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని రూలుంది, అయినా ఇళ్లు తాకట్టు పెట్టి లక్షలు కడుతున్నారు. తీరా ముంబైలో ట్రేడ్ టెస్ట్, అంటే పని చేయించి చూసే పరీక్ష, ఫెయిలయ్యి కుర్రోడు ఇంటికొచ్చేస్తాడు, లేదా వెల్డర్ అని వెళ్లి హెల్పర్ జీతానికి చేస్తాడు. ఆ అప్పు తీర్చేది తల్లిదండ్రులు.

బాధేంటంటే నేర్పేవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారండి. రిఫైనరీల్లో, షిప్‌యార్డుల్లో చేసి ఇంటికొచ్చేసినోళ్లు రావిచెట్టు కింద కూర్చుని పేకాడుకుంటున్నారు. డిప్లొమా లేదని వాళ్లని ఐటీఐ గేటు దాటనివ్వరు. అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి ప్రభుత్వం దగ్గర ఉండనే ఉంది, దాంతో వీళ్లని గెస్ట్ ఇన్‌స్ట్రక్టర్లుగా తీసుకోవచ్చు. పైపు ముక్కలు విశాఖ ఫ్యాక్టరీల్లో తుక్కు కింద పోతాయి, అవి అడిగి తెప్పించుకోవచ్చు. ఎక్స్‌రేకి విశాఖలో ల్యాబులు ఉన్నాయి, నెలకోసారి జాయింట్లు పట్టుకెళ్లినా చాలు.

కలెక్టర్ గారు, ఎమ్మెల్యేలు దీని మీద ఒకసారి మాట్లాడాలి. పలాస వైపు గానీ టెక్కలి వైపు గానీ సాయంత్రం బ్యాచ్ ఒకటి మొదలుపెడితే నేను జీతం లేకుండా వచ్చి చెప్తాను, నాలాగే వచ్చేవాళ్లు మా ఊళ్లోనే ఇంకా ఉన్నారు.

ఇట్లు,
ఒక పైపు వెల్డర్,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా