మన జిల్లా మరణాల లెక్కను ప్రజల ముందు పెట్టండి: ఆరోగ్య మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలో నలభై దాటని మనిషి హఠాత్తుగా కూలిపోతే, పెద్దకర్మ కాకముందే ఊళ్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: కోవిడ్ టీకా వల్లనేమో? అలా అడిగినవారిని అజ్ఞానులని కసురుకునేవారు కొందరు. ఏదో దేశపు గ్రాఫును ఫోనులో చూపించి, అవునని భయపెట్టేవారు ఇంకొందరు. ఇద్దరి చేతిలోనూ మన జిల్లా లెక్క లేదు. అది ప్రభుత్వం దగ్గరే ఉంది, నాలుగు శాఖల్లో నాలుగు ముక్కలుగా. ఆ ముక్కలను కలిపి, పేర్లు తొలగించి, ప్రజల ముందు పెట్టమని అడగడానికే ఈ లేఖ.

నేను గణాంకశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని. మా ఇంట్లో అందరం టీకా వేయించుకున్నాం, అవసరమైతే మళ్లీ వేయించుకుంటాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగే ప్రశ్నకు గౌరవంగా జవాబు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదని నమ్ముతున్నాను కాబట్టి రాస్తున్నాను.

2021 మార్చిలో నార్వేలో జరిగింది చూడండి. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో వచ్చిన ఆస్ట్రాజెనెకా టీకాను అక్కడ 1.3 లక్షల మందికి పైగా వేశాక, ఐదుగురిలో ఒక విచిత్రమైన జబ్బు కనిపించింది. ఒకపక్క ప్లేట్‌లెట్లు పడిపోతూనే, మరోపక్క రక్తం గడ్డకట్టింది. ఐదుగురే. అయినా వైద్యులు పట్టుకున్నారు, టీకా ఆపారు. డెన్మార్క్ ఏప్రిల్‌లో ఆ టీకాను పూర్తిగా పక్కన పెట్టింది. మే నెలలో బ్రిటన్ నలభై ఏళ్ల లోపువారికి వేరే టీకా ఇవ్వాలని సూచించింది. చాలా అరుదుగా ఈ సమస్య రావచ్చని తయారీ సంస్థ లండన్ కోర్టుకిచ్చిన పత్రాల్లో ఒప్పుకున్న సంగతి 2024లో మన పత్రికల్లోనూ వచ్చింది.

నార్వే జనాభా సుమారు 54 లక్షలు. 2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లా 27 లక్షలు, విజయనగరం 23 లక్షలు. రెండూ కలిపితే ఇంచుమించు ఆ దేశమంత. ఆ ఐదుగురూ మనవాళ్లే అయి ఉంటే ఏమయ్యేది? సోంపేట మనిషిని విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్లాక ప్రాణం పోతే, మరణం విశాఖ రిజిస్టర్‌లో చేరుతుంది, ఎందుకంటే మన చట్టం ప్రకారం మరణాన్ని జరిగిన చోటే నమోదు చేస్తారు. చెన్నైలో కూలికి వెళ్లిన రాజాం కుర్రాడు తమిళనాడు లెక్కలోకి పోతాడు. గుజరాత్ తీరంలో వేటకు వెళ్లిన మత్స్యకారుడిదీ అంతే. ఎస్.కోటలో ఇంట్లోనే కన్నుమూసిన వారికి కారణం రాసే డాక్టరే ఉండరు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఐదుగురూ ఐదు రిజిస్టర్లలో విడివిడిగా మిగిలిపోయేవారు. ఏ ఒక్క అధికారికీ అందులో అనుమానించదగింది కనిపించేది కాదు.

ఇప్పుడు అదనపు మరణాల సంగతి. మామూలు రోజుల్లో ఎందరు పోతారో అంచనా వేసి, వాస్తవంగా పోయినవారిలోంచి తీసివేస్తే వచ్చేదే అదనపు మరణాల సంఖ్య. 2021 మే ఒక్క నెలలో మన రాష్ట్రంలో 1.3 లక్షలకు పైగా మరణాలు నమోదయ్యాయని, మామూలుగా ఆ నెలలో 30 వేల లోపే ఉంటాయని జనన మరణాల నమోదు లెక్కల ఆధారంగా పత్రికలు రాశాయి. కోవిడ్ మొత్తం కాలానికి మన రాష్ట్రం అధికారికంగా చూపిన మరణాలు 15 వేల లోపు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని ఇంతవరకు ఎవరూ ప్రజలకు సరిగా వివరించలేదు. టీకా మీద అనుమానం ఇంతగా వేళ్లూనుకోవడానికి ఆ మౌనమే పెద్ద కారణమని నా అభిప్రాయం. నిజానికి ఆ నెల ఉప్పెన డెల్టా వైరస్‌ది. 18 నుంచి 44 ఏళ్లవారికి టీకా మొదలైందే మే 1న. మరణాలు ఎప్పుడు పెరిగాయో, డోసులు ఎప్పుడు వేశారో నెలనెలా పక్కపక్కన పెట్టి చూపితే ఈ సంగతి ఎవరికైనా అర్థమవుతుంది.

అంకెలు చూడటంలోనూ గోతులున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగింది. పాలకొండ వైపు పార్వతీపురం మన్యానికి, రాజాం వైపు విజయనగరానికి వెళ్లాయి. ఇది మరిచి 2021నూ 2023నూ పోల్చితే శ్రీకాకుళంలో మరణాలు అద్భుతంగా తగ్గినట్టు కనిపిస్తుంది. నేటి హద్దుల ప్రకారం పాత సంవత్సరాలనూ తిరిగి లెక్కకట్టాలి.

మరొకటి. అరవై దాటినవారు పదివేల మంది ఉన్న చోట ఏడాదికి నూటికి నలుగురు పోతారనుకుందాం. టీకా ఉన్నా లేకపోయినా ఏ రెండు వారాల్లోనైనా సుమారు 15 మంది మరణిస్తారు. అందరికీ ఒకే రోజు టీకా వేస్తే, ఆ 15 మంది కుటుంబాలకూ టీకాయే కారణమనిపించడం సహజం. పోయినవారు 15 కాక 25 మంది అయితే, అప్పుడు ఆగి వెతకాలి. దీనికి రెండో వైపూ ఉంది. మంచానపడి రేపో మాపో అన్నట్టున్నవారికి టీకా వేయరు. కాబట్టి టీకా వేసుకున్నవారు ఎప్పుడూ ఎక్కువ ఆరోగ్యవంతులుగానే కనిపిస్తారు. డోసు వేసిన పద్నాలుగు రోజుల తరవాతే ‘టీకా పొందినవారి’గా లెక్కిస్తే, ఆ మధ్యలో జరిగిన మరణాలు టీకా లేనివారి ఖాతాలోకి పోతాయి. డోసు వేసిన రోజు నుంచే లెక్క మొదలవ్వాలి. ఈ రెండో వైపు గురించి అధికారులు మాట్లాడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఉద్దానం ప్రస్తావన లేకుండా మన జిల్లాలో ఏ మరణాల లెక్కా పూర్తి కాదు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో మధ్యవయసువారిని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పొట్టన పెట్టుకుంటోంది. మూలకారణం నేటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, సంతోషం. కానీ అంతకుముందు ఎందరు ఈ జబ్బుతో పోయారో ఊరు చెబుతుంది, రిజిస్టర్ చెప్పదు. రేపు ఆ మండలాల్లో ‘ఆకస్మిక మరణాలు’ పెరిగాయంటే, కిడ్నీ వల్లనా, గుండె వల్లనా, మరొకటా అని విడదీయడానికి మన దగ్గర ఏముంది?

వైకల్యం లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాల్సినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల రకాలను 7 నుంచి 21కి పెంచింది. 2024 జులైలో మీ ప్రభుత్వం దివ్యాంగుల పింఛనును 3,000 నుంచి 6,000 రూపాయలకు పెంచింది, అది మంచి పని. అలాంటి మార్పు వచ్చినప్పుడల్లా వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరాలకు వచ్చేవారి సంఖ్య మారుతుంది, జబ్బు మారకపోయినా సరే. కాబట్టి సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ కాకుండా వైకల్యం మొదలైన నెలను, దాని రకాన్ని, వయసును నమోదు చేసి విడుదల చేయాలి. అమెరికా కార్మిక శాఖ సర్వేలో 2021 తరవాత వైకల్యం పెరిగిందని చూపే గ్రాఫు మన ఫోన్లలోనూ తిరుగుతోంది. పెరుగుదల నిజమే. కానీ ఆ సర్వేలో ఎవరు టీకా వేసుకున్నారన్న వివరమే లేదు, కోవిడ్ మిగిల్చిన దీర్ఘకాలిక బాధలను వేరుచేసే వీలూ లేదు.

భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల ద్వారా 18 నుంచి 45 ఏళ్లవారి ఆకస్మిక మరణాలను పరిశీలించి, 2023లో ఫలితాలు ప్రచురించింది. టీకా ముప్పును పెంచలేదని, రెండు డోసులు తీసుకున్నవారిలో అది తక్కువగా ఉందని, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో అలాంటి మరణాలు ఉండటం, అతిగా తాగడం, మరణానికి ముందు రెండు రోజుల్లో తీవ్రశ్రమ చేయడం ముప్పును పెంచాయని తేల్చింది. ఊరటనిచ్చే ఫలితమే. అయితే కవిటి గురించో గజపతినగరం గురించో చెప్పడం దాని పని కాదు. ఆ పని మీది.

అందుకని అడుగుతున్నాను. 2015 నుంచి ప్రతి మండలంలో మరణాలను, మరణించిన తేదీ, నివాసం, వయసు, స్త్రీ పురుష వివరాలతో నెలవారీగా విడుదల చేయండి. కోవిడ్ టీకాలు నమోదు చేసిన కోవిన్ రికార్డులను మరణాల రిజిస్టర్‌తో ప్రభుత్వంలోనే కలిపి, గుర్తింపు వివరాలు తొలగించి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి సంస్థల గణాంక నిపుణులకు, ప్రభుత్వంలో లేని వైద్యులకు ఇవ్వండి. మనుషులను గుర్తుపట్టే ప్రమాదమున్న చిన్న అంకెలను దాచి మిగతావి అందరికీ చూపండి. ఇంటి దగ్గర జరిగిన మరణాలకు ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు కుటుంబంతో కూర్చుని చివరి రోజుల లక్షణాలు అడిగి రాసే పద్ధతిని ముందు ఉద్దానంలో మొదలుపెట్టండి. వారి మీద ఇప్పటికే మోయలేని పని ఉంది, దానికి తగిన పారితోషికం ఇచ్చే చేయించండి. టీకా తరవాతి దుష్ప్రభావాలను ప్రజలూ ప్రైవేటు వైద్యులూ నేరుగా తెలియజేసే ఏర్పాటు ఉండాలని సుప్రీంకోర్టు 2022 మే 2న చెప్పింది. ఆ ఏర్పాటు తెలుగులో, గ్రామ సచివాలయంలో అందుబాటులో ఉండాలి. ఫిర్యాదు చేసిన కుటుంబానికి విచారణలో ఏం తేలిందో కాగితం మీద ఇవ్వాలి.

వీటిలో మొదటి పట్టికకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త సిబ్బందీ అక్కర్లేదు. పంచాయతీల నుంచి రాజధాని దాకా చేరిన సమాచారమే అది. ముందు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు విడుదల చేయండి. దాన్ని సరిచూసే పనికి, తప్పులు పట్టే పనికి నా వంటి విశ్రాంత అధ్యాపకులు ఇక్కడ చాలామంది ఉన్నాం. జీతం లేకుండా చేస్తాం.

ఇట్లు,
విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం