కాస్ట్యూమర్ల సంఘం వార్షిక నివేదిక (2024–25)

సభ్యులందరికీ నమస్కారం.

చారిత్రక చిత్రాలకు కుట్టేటప్పుడు పాత సినిమాల స్టిల్స్‌ను కాకుండా, ఆ కాలపు బట్టనూ బొమ్మనూ దగ్గరగా చూసి కుట్టాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఈ ఏడాది మన శక్తి చాలావరకు దాని మీదే పెట్టాం.

మొదట రామప్ప. 1213 నాటి ఆ గుడి మదనికలను, అంటే స్త్రీ శిల్పాలను చూస్తే కాకతీయుల కాలపు నగలు, కొప్పులు, కట్టు తెలుస్తాయి. రంగు, బట్ట మందం మాత్రం రాయి చెప్పదు. వాటికి వేరే ఆధారం వెతుక్కోవాలి. కాకతీయుల రేవు మోటుపల్లి ప్రాంతపు సన్నబట్టను మార్కో పోలో సాలెగూడుతో పోల్చాడు. అలాంటి నేత ఉన్న రాజ్యాన్ని ఏలిన రుద్రమదేవికి మనం దళసరి వెల్వెట్ తొడుగుతున్నాం. ఇది మారాలని నా గట్టి అభిప్రాయం.

విజయనగరానికి ఆధారాలు పుష్కలం. లేపాక్షి కప్పు మీది చిత్రాల్లో చీరల అంచులు, మగవాళ్ల పొడవాటి కుళ్లాయిలు (టోపీలు) ఇప్పటికీ కనిపిస్తాయి. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం తలమీదా కుళ్లాయే. మనకొచ్చే స్కెచ్‌లలో మాత్రం రాయలవారికి ఎక్కువగా కిరీటమే ఉంటుంది. డైరెక్టర్లకు చూపించడానికి ఫొటోలన్నీ ఆల్బం చేసి కృష్ణానగర్ ఆఫీసులో పెట్టాం.

నిజాం కాలానికి ఊరు దాటక్కర్లేదు. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రెండంతస్తుల బట్టల బీరువా ఉంది. మన కుర్ర అసిస్టెంట్లలో చాలామంది దాన్ని మొదటిసారి చూశారు. తర్వాత పట్టు, నూలు కలిపి నేసే మష్రూ, హిమ్రూ బట్టల ముక్కలు చేతికిచ్చి తేడా చూపించాం. మష్రూలో పడుగు (నిలువు పోగు) పట్టు, పేక (అడ్డపోగు) నూలు. పైకి పట్టు మెరుస్తుంది, ఒంటికి నూలు తగులుతుంది. హిమ్రూలో పడుగే నూలు, పేక పట్టు. ఆ రెంటి బదులు పాలిస్టర్ శాటిన్ వాడితే లైట్ల కింద వెంటనే తెలిసిపోతుంది.

కటింగ్ క్లాసులో పాతబస్తీ మాస్టరుగారు చెప్పిన ఒక సంగతి అందరూ రాసుకోవాలి. మొఘల్ కాలంలో జామా (పొడవాటి అంగీ) ముడిని ముస్లింలు కుడివైపు, హిందువులు ఎడమవైపు వేసుకునేవాళ్లు. ఆ ఒక్క ముడి తప్పితే పాత్రే మారిపోతుంది. రంగుల సంగతీ అంతే. మొదటి కృత్రిమ రంగు పుట్టింది 1856లో. అంతకు ముందటి కథ అయితే నీలి, చిరివేరు (ఎరుపు రంగిచ్చే వేరు), లక్క, పసుపు ఇచ్చే ఛాయల్లోనే ఆలోచించాలి.

కొత్త బట్టను పాతదానిలా కనిపించేలా చేసే శిక్షణకు అందరికంటే ఎక్కువమంది వచ్చారు. కొత్త బట్టను టీ డికాక్షన్‌లో ముంచేస్తే సరిపోదు. సైనికుడి అంగీ మెడ దగ్గర చెమటకు రంగు మారుతుంది, మోచేతుల దగ్గర పలచబడుతుంది, కత్తి ఒర రాసుకునే ఎడమ తొడ దగ్గర నలుగుతుంది. గరుకు కాగితం ఆ చోట్లే పట్టాలి. అంతటా ఒకేలా మురికి పూస్తే కెమెరా పట్టేస్తుంది. హీరోకు, డూప్‌కు కుట్టిన సెట్లన్నింటిమీదా మరకలు ఒకే చోట ఉండాలి కాబట్టి ముందే ఫొటోలు తీసి పెట్టుకోండి.

టైటిల్స్‌లో డిజైనర్ పేరుతోపాటు మగ్గం పనివాళ్ల, రంగులద్దేవాళ్ల పేర్లూ వేయాలని నిర్మాతలకు లేఖలు రాశాం. ఇద్దరు ఒప్పుకున్నారు. ఒక సంస్థ జూనియర్ ఆర్టిస్టుల దుస్తుల బిల్లు ఇంకా సగం బాకీ ఉంది, అడుగుతూనే ఉన్నాం. కంటి వైద్య శిబిరం బాగా జరిగింది. జమాఖర్చుల పట్టిక సమావేశంలో ఇస్తాం.

వచ్చే ఏడాది మొదటి ప్రయాణం నేతగాళ్ల ఊరు పుట్టపాకకు. తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్టకు వాడే నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టే పద్ధతి నేతగాళ్ల దగ్గరే చూద్దాం. రాదలచినవారు ఆఫీసులో పేరు రాయించండి. మగ్గం పనివాళ్లకు బస్సు ఖర్చు సంఘమే భరిస్తుంది.

కార్యదర్శి