టెంటు కింద కూర్చున్న టీచరమ్మల గురించి: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

మా అమ్మాయి కస్తూర్బా బాలికా విద్యాలయంలో చదువుతోంది. రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. జవాబు రాలేదు కనుక నలుగురి ముందూ రాస్తున్నాను.

2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద పనిచేసే కాంట్రాక్టు ఉద్యోగులు, వారితోపాటు మా బడి టీచరమ్మలూ సమ్మెకు దిగినప్పుడు, ‘సర్కారు జీతం తింటూ టెంట్ల కింద కూర్చుంటారా?’ అని ఊరంతా అంది. నేనూ అన్నాను, దాచను. వారు పర్మినెంటు కాదనీ, క్రమబద్ధీకరణ కోసం, అప్పటిదాకా పే స్కేలు కోసం అడుగుతున్నారనీ మాకు తర్వాతే తెలిసింది. పగలు పాఠం చెప్పి, వంతులవారీగా రాత్రి హాస్టల్లో మా పిల్లలకు కాపలా ఉండేదీ ఆ టీచరమ్మలే. పాఠాలు ఆగితే మా కడుపు మండింది, నిజమే. ఆ మంట వారి మీదికే మళ్లడానికి అధికారుల మౌనమూ కారణమని సవినయంగా చెబుతున్నాను.

2025 జనవరిలో సమ్మె ముగిసింది. సూటిపోటి మాటలు ముగియలేదు. వాటిని పిల్లలూ వింటున్నారు.

ఈ నెలాఖరులోగా తల్లిదండ్రులనూ ఉపాధ్యాయినులనూ ఒకచోట కూర్చోబెట్టండి. వారి డిమాండ్లలో ఏది ఎక్కడిదాకా వచ్చిందో కాగితం మీద రాసి, బడి నోటీసు బోర్డుకు అంటించండి.

భవదీయుడు,
ఒక విద్యార్థిని తండ్రి